నిలుచునే టికెట్

ఫిబ్రవరి 5, 2023. ఆదివారం

మీసం తీసేశాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఎల్లేష్‌ను ఆ మీసంతోనే చూశాను. పొద్దున ఆయన నీళ్ళు పోసుకొని అద్దం ముందు నిలబడితే ఎవరో పరాయి మనిషి ఇంట్లో జొరబడ్డాడనుకున్నాను. ఎందుకు తీశావని అడిగితే, "పెద్ద మీసం అంటియ్యాలె. కింద వెంట్రుకలుంటే గమ్ము పట్టదట" అన్నాడు. అంటించుకునే మీసం కోసం మొలిచిన మీసం గీకించుకున్న మొగుడు మహబూబ్‌నగర్ మొత్తంలో నాకొక్కదానికే ఉండి ఉంటాడు.

తర్వాత అసలు సంగతి బయటపడింది. ఆలంపూర్ వాళ్ళ నాటకాల కంపెనీ మా ఊరి మైదానంలో డేరా వేసింది. వాళ్ళ రాజు వేషగాడికి ఆపరేషన్ అయిందట. డిపో వార్షికోత్సవంలో నాలుగు పద్యాలు పాడిన పుణ్యానికి ఈయన్ను పిలిచారు. ఈయన బస్సులో కండక్టర్ పని వదిలేసి నెల రోజులు సెలవు పెట్టాడు.

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"ఇగో, చెప్తున్న గద."

"చెప్పుడు వేరు, అడుగుడు వేరు."

చెప్పులేసుకొని, "పోతున్న" అన్నాడు. రాత్రుళ్ళు కూడా డేరాలోనే పడుకుంటాడట, సామాన్లకు కాపలా.

పొద్దుందాకా బస్సులో గొంతు చించుకుంటాడు. ఇంటికొస్తే నోరు తాళం పడుతుంది. అన్నం పెట్టు, ఉప్పు తక్కువైంది, పోతున్న. నా సంసారంలో ఉన్న మాటలన్నీ ఇవే. ఇప్పుడు ఆ మనిషి రెండు గంటలు వేదిక మీద మాట్లాడతాడట, అదీ గ్రాంథికంలో. నేను బడిలో తెలుగు చెప్తాను. ఆయన 'ఖడ్గము' అనగా ఎన్నడూ వినలేదు, ఎప్పుడన్నా 'కడ్గము'.

సైదులన్నకు ఫోన్ చేసి, "నువ్వు చెప్పిన దాని గురించి ఆలోచిస్తున్న" అన్నాను. అన్న చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పని చేస్తాడు. వాళ్ళ వీధి బడిలో తెలుగు టీచరు కావాలట, ఇంటి మీది పోర్షన్ ఖాళీ అయిందట. వచ్చెయ్యి, ఎన్నాళ్ళు ఆ గోడతో కాపురం అని ఏడాది నుంచి అంటున్నాడు.

"నెలాఖరుకు చెప్పు. లేకుంటే కంపెనీ పోరగాండ్లకు కిరాయికిస్త" అన్నాడు.

నెలాఖరు దాకా ఎందుకు? నాకు తెలుసు ఏం చెప్తానో.

ఫిబ్రవరి 6

పొద్దున స్నానానికొచ్చాడు. తిన్నాడు. "పోతున్న."

ఫిబ్రవరి 8

సుస్మిత హైదరాబాద్ హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "నాయిన రాజా? అమ్మా, వీడియో పెట్టవా" అని పడీపడీ నవ్వింది. నర్సింగ్ చదివే పిల్లకు తండ్రి వెర్రితనం తమాషాగా ఉంది. దాని కోసమే వెళ్ళాను. లేకపోతే నాకేం పని.

టికెట్లు మూడు రకాలు. ముందు సోఫాలు. అవి పెద్దమనుషులకు, అంటే టికెట్ కొననివాళ్ళకు. వెనక ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో మా బడి వాళ్ళు, బ్యాంకు వాళ్ళు, భార్య పర్సు భర్త పట్టుకునే రకాలు. అన్నిటికన్నా వెనక గేటు దగ్గర తాడు కట్టి వదిలిన జాగా. అది నిలుచునే టికెట్. ఇరవై రూపాయలు. కుర్చీ కొంటే ఎవరైనా పలకరిస్తారని, కొంగు నెత్తిన కప్పుకొని తాడు వెనక చేరాను. నన్నెవరూ చూడలేదు. ముఖ్యంగా ఆయన చూడలేదు.

నాటకం పేరు 'ధర్మశేఖర విలాపం'. ధర్మశేఖర మహారాజు మంత్రి చెప్పిన చాడీ విని పెళ్ళాన్ని అడవికి పంపుతాడు, తర్వాత రెండంకాలు కూర్చొని ఏడుస్తాడు. అడవికి పంపిన దానికన్నా ఆ ఏడుపే పెద్ద శిక్ష, అదీ మనకు. ఆ కంపెనీకి వచ్చిన నాటకాలు మూడు, ఎల్లేష్‌కు వచ్చింది ఇదొక్కటే. అయినా జనం ఇదే అడుగుతారట, వారంలో నాలుగు రోజులు ఇదే వేస్తారట. జనం సంగతి ఇక చెప్పేదేముంది.

రాజు వచ్చాడు. నడుముకు పట్టీ కట్టినా పొట్ట కిరీటం కన్నా ముందు వచ్చింది. ఎడమవైపు మీసం మొదటి పద్యానికే ఊడి వేలాడింది. మాట్లాడినప్పుడల్లా అది ఎగిరింది.

నా పక్కన గొంగడి కప్పుకున్న ముసలామె ఒకతె పల్లీలు నములుతూ, "పెండ్లాన్ని అడివికి దోలి పద్యాలు పాడ్తడు సూడు. సిగ్గు లేని రాజు" అంది. ఆమె పేరు నర్సింగమ్మ. కొడుకులు గొర్రెలను తోలుకొని మేతకు దూరం పోయారట, బిడ్డ ఇంటికి వచ్చి ఉంది.

"కూసుండే టికెట్ కొనకపోయినవా, అవ్వా?" అన్నాను.

"కూసుంటే నిద్రొస్తది బిడ్డా. నిలవడ్తెనే తిట్టబుద్ధయితది" అంది.

ఆ మాట నాకు నచ్చింది. వీడియో తియ్యడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 9

మళ్ళీ వెళ్ళాను. వీడియో కోసం.

ఫిబ్రవరి 11

నిన్న రాత్రి నవ్వలేక చచ్చాను.

రాజసభ. భటులు, మంత్రి, సేనాధిపతి అందరూ ఒక్క ద్వారం దగ్గరే కుక్కుకొని నిలబడ్డారు. రాజుకు రావడానికి దారి లేదు. రాజు వెనక నుంచి గట్టిగా, "ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి, లోపలంత ఖాళీనే" అన్నాడు.

అలవాటు. ఇరవై ఏళ్ళ అలవాటు. భటులు కూడా జరిగారు.

కుర్చీల వాళ్ళకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తాడు వెనక మాత్రం ఈలలు మోగాయి. ఎవడో "ఆపు ఆపు, దేవరకద్ర దిగేదున్నది" అని అరిచాడు. నర్సింగమ్మ నవ్వుకు పల్లీ గొంతుకడ్డం పడి నేను వీపు చరచాల్సి వచ్చింది. ఆయన మొహం రంగు కింద ఎర్రబడింది. నాకు తెలుస్తుంది, చెవులు ముందు ఎర్రబడతాయి.

పొద్దున తినేటప్పుడు ఏమైనా చెప్తాడేమోనని చూశాను. "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఫిబ్రవరి 12, ఆదివారం

మడమలు లాగుతున్నాయి. వారమంతా బడిలో ఆరు పీరియడ్లు నిలబడి, సాయంత్రం మళ్ళీ మూడు గంటలు. అయినా ఒకటి ఒప్పుకోవాలి, నాటకం చూడాలంటే నిలబడే చూడాలి. కుర్చీలో కూర్చున్నవాడు డబ్బు పెట్టాడు గనుక బాగుందని అనుకొని తీరాలి. సోఫాలో కూర్చున్నవాడు తన్నెవరు చూస్తున్నారో చూసుకోవాలి. నిలుచున్నవాళ్ళకు ఏ బాధా లేదు. కాలు మార్చుకోవచ్చు. గుంజకు ఆనుకోవచ్చు. పల్లీ పొట్టు కింద పడేయొచ్చు. రాజును రాజు ఎదుటే తిట్టొచ్చు. పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరవొచ్చు, ఆ అరుపు ఎప్పుడూ మా వైపు నుంచే లేస్తుంది, సోఫాల్లోంచి లేవగా నేను వినలేదు. ఒకసారి అరిచారంటే ఎంత గొప్ప నటుడైనా మళ్ళీ పాడి తీరాలి, అది కంపెనీ మర్యాద. అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు. ఎవరి మోకాళ్ళూ దాటక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఎడమ గుంజ దగ్గర నిలబడితే పక్కతెర సందులోంచి లోపల కనబడుతుంది. ముందు వాళ్ళకు కనబడదు. ఇవాళ కనబడింది. రాణి వేషం వేసే యాదలక్ష్మి పక్కన నిలబడి ఉంటే మన మహారాజు ఎక్కణ్ణించో ఇనుప స్టూలు తెచ్చి వేశాడు. ఆమె కూర్చుంది. టీ కూడా అందించాడు.

నా ఇంట్లో నాకొక పీట వేసిన చరిత్ర లేదు.

ఉంది, ఒకటి. పెళ్ళికి ముందు. దేవరకద్ర బస్సులో రోజూ నిలబడి పోయేదాన్ని. "టీచరమ్మా, గా సీటు ఖాళైతాంది, కూసోండ్రి" అనేవాడు. రోజూ ఎలా ఖాళీ అయ్యేదో నాకు తెలియదు. ఆ ఒక్క మాటకు పడిపోయి చేసుకున్నాను. దాని తర్వాత మాట్లాడాల్సినవి ఉంటాయని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇప్పుడు యాదలక్ష్మికి ఖాళీ అవుతోంది సీటు. మంచిది.

ఫిబ్రవరి 13

వెళ్ళలేదు. ఇవాళ నాటకం వేరే, ఈయన వేషం లేదు. తలనొప్పి కూడా.

ఫిబ్రవరి 16

ఇవాళ సన్మానం. రాజు విలాపం మంచి పట్టులో ఉండగా హార్మోనియం ఆపి, మైకులో పేర్లు చదివారు. గోపీకృష్ణ గారట, ప్లాట్లు అమ్మే ఆయన, సోఫాలోంచి లేచి వేదికెక్కాడు. ఏడుస్తున్న రాజుకు శాలువా కప్పాడు. రాజు ఏడుపు ఆపి దండం పెట్టాడు. ఫోటో కోసం మళ్ళీ కప్పాడు. గోపీకృష్ణ పావుగంట మాట్లాడాడు, కళలను బతికించాలన్నాడు, దిగి కారెక్కి వెళ్ళిపోయాడు. కళ ఇంకా ఒక అంకం బతికి ఉందని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

రాజు శాలువాతోనే మిగతా ఏడుపు ఏడ్చాడు. ఎడమ మీసం వేలాడుతూనే ఉంది. ఆ గమ్ము ముందు చర్మం మీద తుడిచి ఆరబెట్టుకుంటే ఊడదు, ఇంత చిన్న సంగతి. నేను చెప్పను. నాకేం పట్టింది.

నర్సింగమ్మ, "గా సోఫాయన ఇంట్ల గిట్ల ఎవలన్న ఏడుస్తె గూడ శాలువా గప్పుతడేమొ" అంది.

ఫిబ్రవరి 19, ఆదివారం

సైదులన్న వచ్చాడు. పని మీద వచ్చానన్నాడు కానీ నన్ను చూసిపోవడానికే. సాయంత్రం, "బావ యేషం సూద్దాం పా" అన్నాడు. వద్దన్నా వినలేదు. కుర్చీ టికెట్లు కొన్నాడు.

కుర్చీలో కూర్చోవడం ఒక శిక్ష. ముందు ఒకాయన గుండు, వెనక ఒక పిల్లాడి కాళ్ళు. మా హెడ్ మాస్టర్ భార్య చూసి, "నవనీతా, మీ సారు రాజటగా" అని మూతి తిప్పింది. వెనక్కి తిరిగి చూస్తే తాడు అవతల నర్సింగమ్మ నన్ను చూసి కూడా చూడనట్టు పల్లీలు నములుతోంది. పార్టీ మారినదాన్ని చూసినట్టు చూసింది.

అన్న మొదటి నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. రాజు రాణిని క్షమించమని అడిగే చోట, అక్కడ రాజు మోకాళ్ళ మీద కూర్చుంటాడు, అన్న ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు.

"గీయనకు గీ యేషాలేందే. ఇంట్ల పెండ్లానికి ఒక్క మాట సక్కగ చెప్పరాదు. సూడు, బుర్రకు కిరీటం వెట్టి కోతలు గోసే పిట్టలదొర లెక్కున్నడు. మా కంపెనీ గ్రూపుల పెడ్త, అందరు నవ్వి సస్తరు."

"ఫోన్ లోపల పెట్టు" అన్నాను.

"ఏందే?"

"లోపల పెట్టమన్న. నువ్వెవరు నవ్వనీకి?"

పక్క కుర్చీల వాళ్ళు తిరిగి చూశారు. అన్న నోరు తెరిచి నా వైపు చూశాడు. పదిహేను రోజులుగా ఫోన్‌లో ఆ మనిషిని నేను తిట్టిన తిట్ల ముందు పిట్టలదొర చాలా గౌరవం. అయినా అన్నకు కోపం రాలేదు. బస్టాండ్‌లో బస్సెక్కేముందు, "నీకింక ఆయన మీద ఉన్నదా ఏంది?" అన్నాడు.

"ఏమున్నది?"

"నాకేం తెలుసు. మేడ సున్నమేయించిన. నెలాఖరుకు చెప్పు."

నాకేమీ లేదు. కాకపోతే ఆయన్ను చూసి నవ్వాలంటే ఆయనతో పద్దెనిమిదేళ్ళు ఉండి ఉండాలి. బయటివాళ్ళు ఊరికే వచ్చి నవ్విపోతే ఎలా.

ఫిబ్రవరి 20

అన్నకు ఇంకా చెప్పలేదు. రేపు చెప్తాను. వస్తానని.

ఫిబ్రవరి 22

నాటకం మొదలుకాక ముందు గేటు దగ్గర టీ బండి వద్ద నిలబడి ఉంటే, రాణి వేషంలోనే యాదలక్ష్మి వచ్చి నా పక్కన నిలబడింది. దగ్గర్నుంచి చూస్తే నాకన్నా పెద్దది, మోకాళ్ళకు రబ్బరు పట్టీలు. టీ చేతిలో పట్టుకొని, "మోకాళ్ళు సచ్చినయక్కా. గీ రాజు మంచోడు, స్టూలేస్తడు. ముందటి రాజైతె తనే కూసునేటోడు" అంది.

నేనెవరో తెలియనట్టే మాట్లాడింది. నేను కూడా తెలియనట్టే విన్నాను.

"రోజొస్తరు గద మీరు" అంది.

"లేదు. ఎప్పుడన్నొకసారి."

"వస్తరు. మాకు కనవడ్తరక్కా. మొకం మీద లైట్లు కొడ్తె సోఫాలోళ్ళు, కుర్సీలోళ్ళు మాకు మసక మసకనే, ఎవలు ఎవలో తెల్వది. గేటుకాడ ట్యూబ్‌లైట్ ఉన్నది గద, దాని కింద నిలవడ్డోళ్ళే సాఫ్‌గ కనవడ్తరు. గందుకే మేము మీకే పాడ్తం. సోఫాలకు పాడ్తున్నట్టు ఊరికె మొకం పెడ్తం గని."

టీ తాగి వెళ్ళిపోయింది. నేను తలెత్తి చూశాను. ట్యూబ్‌లైట్ సరిగ్గా నా నెత్తి మీదే ఉంది.

అయినా నన్ను గుర్తుపట్టి ఉండడు. కొంగు కప్పుకుంటాను కదా. అంత దూరం. ఆయనకు చత్వారం కూడా. టికెట్టు మీద అంకెలకే కళ్ళద్దాలు పెట్టుకుంటాడు.

చత్వారం ఉన్నవాళ్ళకు దగ్గరివి కనబడవు. దూరానివి కనబడతాయి.

గుర్తుపట్టి ఉంటే పొద్దున తినేటప్పుడు అని ఉండేవాడు. ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా.

ఫిబ్రవరి 23

ఇవాళ జాగా మార్చాను. ట్యూబ్‌లైట్ వెలుగు పడని మూల, ఒక పొడుగు మనిషి వెనక. అక్కణ్ణించి వేదిక సగమే కనిపించింది.

రెండో అంకంలో రాజు పద్యం మధ్యలో ఆగిపోయాడు. గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. లోపల్నుంచి మాట అందించేవాడు మూడుసార్లు అందించాడు, మాకు కూడా వినబడింది. రాజుకు వినబడలేదు. హార్మోనియం అదే స్వరం పట్టుకొని ఎంతసేపని ఉంటుంది. చివరికి ఎలాగో అందుకొని పూర్తి చేశాడు. వన్స్ మోర్ రాలేదు.

వయసు మీద పడింది. జ్ఞాపకం తగ్గింది. అంతే.

నర్సింగమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, "గీడెందుకు నిలవడ్డవు బిడ్డా, దొంగ లెక్క?" అంది.

ఫిబ్రవరి 24

పొద్దున ఆయన తింటూ రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ముద్ద పెట్టుకున్నాడు. నేనే అడగొచ్చు. ఎందుకు అడగాలి?

అన్న ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

ఫిబ్రవరి 25, శనివారం

ఆఖరి ఆట. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే రేపు నేనే మార్చుకుంటాను.

జనం చాలామంది వచ్చారు. సోఫాల్లో గోపీకృష్ణ మళ్ళీ ఉన్నాడు, ఇంకో శాలువా తెచ్చుకున్నాడు. నేను నా పాత గుంజ దగ్గరే నిలబడ్డాను, ట్యూబ్‌లైట్ కింద. దాక్కోవడానికి నేనేం తప్పు చేశాను? కొంగు కప్పుకోలేదు, ఉక్కగా ఉంది.

ఆఖరి అంకం. రాణిని అడవి నుంచి తీసుకొచ్చి సభలో నిలబెడతారు. రాజు సింహాసనం దిగి వచ్చి, "దేవీ, వనవాసమున నీ పాదములు కందిపోయినవి. ఆసీనవు కమ్ము" అనాలి. తర్వాత మోకాళ్ళ మీద కూర్చొని క్షమాపణ పద్యం. నాకు కంఠస్థం వచ్చేసింది, ఇన్నిసార్లు వింటే ఎవరికైనా వస్తుంది.

రాజు దిగి వచ్చాడు. యాదలక్ష్మి ఎదురుగా నిలబడి ఉంది. "దేవీ" అన్నాడు.

ఆగాడు.

ఆయన యాదలక్ష్మిని చూడటం లేదు. సోఫాల మీదుగా, కుర్చీల మీదుగా, తాడు దాటి చూస్తున్నాడు. లోపల్నుంచి, "వనవాసమున, వనవాసమున" అని అందిస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"జర కూసో" అన్నాడు. "ఎంతసేపని నిలవడ్తవు. కాళ్ళు గుంజుతయి."

రాజు గొంతు కాదు అది. బస్సు గొంతు కూడా కాదు. దేవరకద్ర బస్సులో పొద్దున పూట, జనం మధ్యలో, పక్కవాళ్ళకు వినబడకుండా నాకు మాత్రమే చెప్పినప్పటి గొంతు. మైకు ఉంది గనుక మైదానమంతా వినబడింది.

సోఫాలు పగలబడి నవ్వాయి. గోపీకృష్ణ తొడ చరుచుకున్నాడు. కుర్చీల వాళ్ళు సోఫాల వైపు చూసి, నవ్వాలని తెలుసుకొని నవ్వారు. హెడ్ మాస్టర్ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. యాదలక్ష్మి ఒక్క క్షణం తికమకపడి, ఆయన చూస్తున్న వైపు తనూ చూసింది. చూసి తల దించుకుంది.

తాడు వెనక మాత్రం ఎవరూ నవ్వలేదు. నా పక్కన నర్సింగమ్మ పల్లీల పొట్లం నడుముకు దోపుకొని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకొని, "వన్సుమోరూ" అని అరిచింది.

పద్యానికి అడుగుతారు వన్స్ మోర్. వచనానికి అడగగా నేను చూడలేదు, అందులోనూ తప్పిపోయిన వచనానికి. కానీ ఆమె అరవగానే గేటు దాకా ఉన్న జనమంతా అందుకున్నారు. హార్మోనియం ఆయనకు ఏం వాయించాలో తెలియక ఏదో ఒక మెట్టు నొక్కి పట్టుకున్నాడు. ఎల్లేష్ బిత్తరపోయి చూశాడు. అడిగితే ఇవ్వాలి కదా, అది మర్యాద.

రెండోసారి మొత్తం అనలేకపోయాడు. "జర కూసో" అని ఆగిపోయాడు. ఎడమ మీసం పూర్తిగా ఊడి కింద పడింది.

నాకు ఏడుపొచ్చింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ వచ్చింది. మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నాడు. నేను దాక్కున్నాననుకొని నిలబడ్డ ప్రతి రోజూ ఆయన నాకే పాడాడు, ఆ రెండంకాల ఏడుపూ నాకే ఏడ్చాడు, నేను మీసం చూస్తూ కూర్చున్నాను. కూర్చోలేదు, నిలబడ్డాను.

"నీకెందుకు బిడ్డా ఏడుపు? రాణి గద ఏడ్వాలె" అంది నర్సింగమ్మ.

క్షమాపణ పద్యం వినకుండా వచ్చేశాను. అది మంత్రి చెప్పిన చాడీకి సంబంధించింది, నాకు సంబంధం లేదు.

ఫిబ్రవరి 26, ఆదివారం

పొద్దున వచ్చాడు. స్నానం చేశాడు. పెట్టాను. తిన్నాడు.

నేను ఎదురు చూశాను. నిన్నటి సంగతి ఎత్తుతాడేమోనని చెయ్యి కడుక్కునే దాకా చూశాను. ఎత్తలేదు. మహారాజు మళ్ళీ మూగవాడయ్యాడు. ఈ మనిషి మారతాడని ఎవరైనా చెబితే వాళ్ళకు బుద్ధి లేదని అర్థం.

చెప్పులేసుకొని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "పోతున్న" అనాలి. అనలేదు.

"నారాయణపేటల ఇంకో ఆరు రోజులున్నది కంపెనీ" అన్నాడు గోడతో.

"ఊ."

"గేటుకాడ ట్యూబ్‌లైట్ పెట్టియ్యమన్న."

"ఎందుకు? నారాయణపేటోళ్ళకు చీకట్ల గేటు కనవడదా?"

చాలాసేపు చెప్పు సర్దుకున్నాడు.

"వద్దంటె వద్దంట" అన్నాడు.

"నేను వద్దన్ననా?"

"పోతున్న" అని వెళ్ళాడు.

మధ్యాహ్నం సైదులన్నకు ఫోన్ చేశాను. మేడ మీది పోర్షన్ కంపెనీ పిల్లలకు ఇచ్చెయ్యమన్నాను. "ఏమైందే? మాట్లాడిండా?" అన్నాడు.

"ఆ. రెండు మాటలు."

"రెండు మాటలకే?"

అన్నకేం చెప్తాం. ఆయన కుర్చీ టికెట్ మనిషి.

మార్చి 4, శనివారం. నారాయణపేట

బడి ఒంటిపూట అయితే బస్సెక్కాను. చీర కొనాలి, ఇక్కడ నేతవాళ్ళ దగ్గరే కొంటే నయం కదా. చీర కొనలేదు. చీకటి పడింది.

నిలుచునే టికెట్టే కొన్నాను. గేటు దగ్గర కొత్త ట్యూబ్‌లైట్, కళ్ళు పోయేంత వెలుగు. సరిగ్గా దాని కింద, తాడుకు లోపల, ఇనుప స్టూలు ఒకటి వేసి ఉంది. లోపల యాదలక్ష్మి కూర్చునేది. ఎవరిదని అడిగితే టికెట్లు చింపే అతను, "రాజు పెట్టిచ్చిండు. ఎవ్వలను కూసోనియ్యొద్దన్నడు" అన్నాడు. నిలుచునే జాగాలో స్టూలు వెయ్యడమేమిటో, దానికి కాపలా ఏమిటో. ఈయన తెలివి ఎప్పటికీ ఇంతే.

నేను కూర్చోలేదు. కూర్చోమన్నారని కూర్చునేదాన్నయితే కుర్చీ టికెట్టే కొనేదాన్ని. స్టూలు మీద సంచి పెట్టి పక్కన నిలబడ్డాను. వెళ్ళిపోవాలంటే సంచి తీసుకుంటే చాలు.

ఆఖరి అంకం దాకా సంచి తియ్యలేదు. క్షమాపణ పద్యం కూడా విన్నాను. ఖడ్గాన్ని ఇప్పటికీ కడ్గమే అంటున్నాడు. ఎడమ మీసం ఊడుతూనే ఉంది, గమ్ము ఆరకముందే అంటిస్తున్నాడు.

రేపు పొద్దున తినేటప్పుడు చెప్పాలి.